ఇంటికి తెచ్చుకునే కుక్కపిల్ల

(ఉదయ ప్రార్థన తరువాత ఆసుపత్రి ఆవరణలో రోగుల బంధువులకు ఒక నర్సు ఇచ్చిన ప్రసంగ పాఠం)



అమ్మలారా, అయ్యలారా! వార్డులో మీ మనిషిని కాసేపు వదిలిపెట్టి వచ్చి ఈ వేపచెట్టు కింద కూర్చున్నారు. మీలో టిఫిను తెచ్చుకోవలసినవారు ఉన్నారు, రక్తపరీక్ష కాగితం కోసం కనిపెట్టుకొని ఉన్నవారు ఉన్నారు. అందుచేత ఎక్కువసేపు ఉంచను. ఈ చెట్టు కింద మనం షుగరు గురించి, బీపీ గురించి, టీబీ గురించి చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈ రోజు కుక్కపిల్ల గురించి మాట్లాడుకుందాం. నవ్వుతున్నారు కొందరు. ముందు ఒక సంగతి చెబుతాను, వినండి.

గురజాల వైపు నుంచి ఒక పెద్దాయన కాలి పుండుతో మా దగ్గర చేరాడు. షుగరు పుండు. రోజూ డ్రెస్సింగు చేసేటప్పుడు ఆయన భార్య పక్కనే నిలబడేది. ఒక రోజు ఆమె మాటల్లో మాటగా, "మాకీ యేడు అన్నీ కీడేనమ్మా. ఈయన కాలు ఇట్టాయె, ఇంట్లో కుక్కపిల్ల కూడా చచ్చిపోయె" అంది. ఎట్లా చచ్చిపోయిందమ్మా అని అడిగాను. తిండి మానేసిందట, నోటి వెంట సొంగ కార్చిందట, మంచం కిందికి దూరి రెండు రోజులు బయటికి రాలేదట. ఎవరినైనా కరిచిందా అన్నాను. "పాలపళ్ళ పిల్లమ్మా అది, కరవడమేంది?" అని ఆమె నవ్వింది. ఆమె వెనుక ఎనిమిదేళ్ళ మనవడు నిలబడి ఉన్నాడు. నేను ఆ మాట అడగగానే వాడు కుడిచెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

చూపుడువేలు మీద రెండు చిన్న గాట్లు, మానిపోయి ఉన్నాయి. ఎందుకు చెప్పలేదురా అంటే, చెబితే నాన్న కుక్కపిల్లను ఎవరికైనా ఇచ్చేస్తాడని భయపడ్డాడట. అది చచ్చిపోయిన తరువాత, కొడతారని చెప్పలేదట. అప్పటికి పన్నెండు రోజులైంది.

ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఐదుగురికి సూదులు మొదలుపెట్టాం. పిల్లవాడికి, దాని సొంగ తుడిచిన తల్లికి, దాన్ని ఎత్తి పాతిపెట్టిన తండ్రికి, మందు పట్టిన నాయనమ్మకు. ఐదోవాడు ఎవరో తెలుసా? మంచం మీదున్న పెద్దాయనే. ఆ కుక్కపిల్ల మధ్యాహ్నం పూట ఆయన కాళ్ళ దగ్గర పడుకొని పుండు నాకేదట. కుక్క నాకితే పుండు మానుతుందని మనవాళ్ళలో ఒక నమ్మకం ఉంది. లాజరు కురుపులను కుక్కలు నాకాయని లూకా సువార్తలో చదువుకున్నాం గదా అని కూడా ఆయన అన్నాడు. అయ్యా, అది లాజరు దిక్కులేనితనాన్ని చెప్పిన మాట, వైద్యం చెప్పిన మాట కాదు. పచ్చిపుండును కుక్క నాకితే, కరిచి రక్తం తీసినదానితో సమానంగా చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. రేబిస్ మాట అట్లా ఉంచినా, కుక్క నోట్లో ఉండే సూక్ష్మక్రిములు షుగరు పుండును చీము పట్టించగలవు. మీ వార్డులో కాలి పుండుతో ఎవరున్నా, ఇంటికి వెళ్ళాక కట్టు మీద గుడ్డ కప్పి, కుక్కనూ పిల్లినీ ఆ మంచం దగ్గరికి రానివ్వకండి.

ఆ ఐదుగురూ ఇప్పుడు బాగున్నారు, దేవునికి స్తోత్రం. కుక్కపిల్ల దేనితో చచ్చిందో మాత్రం ఈనాటికీ తెలియదు. రేబిస్ కావచ్చు. డిస్టెంపర్ అని కుక్కలకు వచ్చే ఇంకో జబ్బు ఉంది, అందులోనూ సొంగ, మూర్ఛ ఉంటాయి. తెలియనప్పుడు రేబిస్ అనుకొనే నడుచుకోవాలి. ఎందుకంటే ఆ జబ్బు లక్షణాలు బయటపడ్డాక మనిషిని నిలబెట్టే మందు దాదాపు లేనట్టే. నా ఉద్యోగంలో అట్లాంటి మనిషిని ఒక్కసారే చూశాను. గ్లాసులో నీళ్ళు తెస్తుంటేనే గొంతు బిగుసుకుపోయేది. ఫ్యాను గాలి తగిలినా ఉలిక్కిపడేవాడు. తెలివి మాత్రం చివరిదాకా ఉంది, భార్యను పేరు పెట్టి పిలిచేవాడు. అంతకంటే చెప్పను.

ఇక ఆ కుక్కపిల్ల ఎట్లా వచ్చిందో వినండి. పిల్లవాడి మేనమామ ఫోనులో బొమ్మ చూసి, ఎవరో అమ్మేవాడికి ఆరువేలు పంపాడు. తెల్లగా, బొచ్చుతో ముద్దుగా ఉంది. అట్టపెట్టెలో రంధ్రాలు పెట్టి రాత్రి బస్సులో పంపారు. నలభై రోజుల పిల్ల, అన్ని ఇంజెక్షన్లూ అయిపోయాయి అన్నాడట అమ్మినవాడు. కాగితం లేదు. అడిగితే తరువాత పంపుతానన్నాడట.

ఈ ఒక్క మాటలోనే అబద్ధం బయటపడుతుంది. కుక్కపిల్లకు రేబిస్ టీకా మామూలుగా మూడు నెలలు నిండాక వేస్తారు. తరువాత పశువైద్యుడు చెప్పినట్టు బూస్టరు, ఆపై ఏటేటా. పార్వో, డిస్టెంపర్ వంటి జబ్బులకు టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలవుతుంది, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున ఇంకా వేయాలి. నలభై రోజుల పిల్లకు "అన్నీ అయిపోవడం" జరిగే పని కాదు. మూడు నెలల లోపు పిల్ల కరిస్తే ఏమీ కాదనుకోవడం కూడా పొరపాటే. తల్లినో పిల్లనో పిచ్చికుక్క కరిచి ఉంటే పాలపళ్ళ పిల్లకూ రేబిస్ వస్తుంది.

మన పల్నాటి రైతు ఎద్దును కొనేటప్పుడు ఎంత చూస్తాడు! నోరు తెరిచి పళ్ళు లెక్కపెడతాడు, సుడులు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. గేదెను కొంటే దాని తల్లి పూటకు ఎన్ని పాలిచ్చిందని అడుగుతాడు. కోడిపుంజు సంగతి నేను చెప్పనక్కరలేదు, కోడిపోరుతో యుద్ధం మొదలైందని చెప్పుకునే సీమ మనది. అంత చూసే మనం, పిల్లల పక్కలో పడుకోబోయే కుక్కను మాత్రం బొమ్మ చూసి డబ్బు పంపుతున్నాం.

కుక్కపిల్ల కావాలనుకుంటే మీరే వెళ్ళండి. తల్లిని చూపించమనండి. ఇది అన్నిటికంటే గట్టి పరీక్ష. తల్లి ఊళ్ళో లేదనీ, వేరేచోట ఉందనీ, అపరిచితులు వస్తే కరుస్తుందనీ సాకులు చెబితే, ఆ పిల్లలు ఎక్కడినుంచో తెచ్చి అమ్ముతున్నవని అనుమానించండి. తల్లి కనిపిస్తే దాని ఒళ్ళు చూడండి. ఎముకలు తేలి, పొదుగులు జారి, బోనులోంచి కదలలేక ఉంటే, దాన్ని పిల్లల యంత్రం చేశారన్నమాట. అట్లాంటి చోట కొనకండి. జాలిపడి ఒక పిల్లను తెచ్చినా, ఆ డబ్బుతో ఆ తల్లిని మళ్ళీ ఈనిస్తారు. సామెతల గ్రంథం పన్నెండో అధ్యాయంలో నీతిమంతుడు తన పశువుల ప్రాణం గురించి కూడా పట్టించుకుంటాడన్న భావం ఉంది. అమ్మేవాడికి ఎంత వర్తిస్తుందో కొనేవాడికీ అంతే వర్తిస్తుందని నా ఉద్దేశం.

దీనికి చట్టమూ ఉంది. కేంద్ర ప్రభుత్వం 2017లో కుక్కల పెంపకం, అమ్మకంపై నిబంధనలు తెచ్చింది. కుక్కపిల్లల వ్యాపారం చేసేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు చేసుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. పద్దెనిమిది నెలలు నిండని ఆడకుక్కను ఈనించకూడదు. టీకాల వివరాలు కొన్నవారికి ఇవ్వాలి. కాబట్టి రిజిస్ట్రేషను సర్టిఫికెట్టు ఏదండీ అని అడగడానికి మీరు సిగ్గుపడనక్కరలేదు. నలభై రోజుల పిల్లను బస్సెక్కించినవాడు ఆ నిబంధనను తప్పాడన్నమాటే. ఎనిమిది వారాలు ఎందుకంటే, అప్పటిదాకా తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర ఉంటేనే పిల్లకు ఎంత గట్టిగా కరవవచ్చో, ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. ముందే విడదీసిన పిల్ల చేతులు కొరుకుతూనే ఉంటుంది. మంచి పెంపకందారుడు మిమ్మల్నే ఎదురు ప్రశ్నలు వేస్తాడు. ఇల్లు ఎంత, పగలు ఎవరుంటారు, చిన్నపిల్లలున్నారా అని అడుగుతాడు. వీడికేం పని అని విసుక్కోకండి. అడగనివాడినే అనుమానించాలి.

ఏ జాతి కుక్క కావాలన్నది మీ ఇష్టం. అయితే మంచుదేశాల హస్కీనీ, సెయింట్ బెర్నార్డునూ రెంటచింతల ఎండలో పెంచుతామంటే నేను ఒప్పుకోను. వేసవిలో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ ఎండ కాసే ఊళ్ళలో రెంటచింతల పేరు ఎప్పుడూ వినేదే గదా. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పుతూనే వేడిని తగ్గించుకోవాలి. మూతి లోపలికి పోయిన పగ్ వంటివి అదీ సరిగా చేయలేవు. కర్ణాటక ముధోల్ కుక్క, తమిళనాడు రాజపాళయం కుక్క మనలాంటి ఎండకు పుట్టినవే, కానీ వాటికి పరుగెత్తడానికి చోటు కావాలి, రెండు గదుల ఇంట్లో కట్టేసేవి కావు. నన్నడిగితే మన ఊరకుక్క పిల్లే మేలు. దానికి ఆరువేలు పెట్టనక్కరలేదు. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళి నులిపురుగుల మందు పట్టించి, వేళకు టీకాలు వేయించి, వయసొచ్చాక పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయిస్తే మీ ఇంటికి అంతకంటే నమ్మకమైన కాపలా ఉండదు. గొర్రెలకాపరులను అడగండి, వాళ్ళే చెబుతారు.

రేబిస్ టీకాకు డబ్బు అడ్డమని ఎవరూ అనుకోవద్దు. ఏటా జూలై 6న, జంతువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బుల దినం సందర్భంగా, పశువుల ఆసుపత్రులలో కుక్కలకు ఈ టీకా ఉచితంగా వేస్తుంటారు. 1885లో అదే రోజున పారిస్‌లో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ళ పిల్లవాడికి మొదటిసారి రేబిస్ టీకా ఇచ్చాడు. పిచ్చికుక్క పద్నాలుగు చోట్ల కరిచిన ఆ పిల్లవాడు బతికాడు. సెప్టెంబరు 28, పాశ్చర్ చనిపోయిన రోజు, ప్రపంచ రేబిస్ దినం. అప్పుడూ శిబిరాలు పెడతారు. నరసరావుపేటలోనో, గురజాలలోనో, మాచర్లలోనో మీకు దగ్గరి పశువుల ఆసుపత్రిలో ముందే కనుక్కోండి. టీకా కార్డును పిల్లల టీకా కార్డులతో కలిపి ఒకేచోట పెట్టుకోండి.

ఇప్పుడు కరిస్తే ఏం చేయాలో చెబుతాను. ఇది మాత్రం చెవిపెట్టి వినండి.

మొదట సబ్బు, నీళ్ళు. పంపు కిందనో, బోరు కిందనో గాయాన్ని పెట్టి, బట్టల సబ్బయినా సరే రుద్ది, పావుగంట కడగాలి. పావుగంటంటే గడియారం చూసి పావుగంట. రేబిస్ క్రిమికి సబ్బంటే పడదు, పొర కరిగి చాలావరకు అక్కడే చస్తుంది. డాక్టరు దగ్గరికి తరువాత వెళ్ళవచ్చు, ముందు కడగండి. మన దగ్గర ఏం చేస్తారో నాకు తెలుసు. మిరపసీమ గదా, గాయంలో కారం నింపుకొని వస్తారు. సున్నం పెడతారు, కాఫీపొడి అద్దుతారు, కిరసనాయిలు పోస్తారు. ఇవన్నీ కండను పుండు చేస్తాయి తప్ప క్రిమిని చంపవు. పైగా ఆ కారం కడగడానికి మేము పిల్లవాణ్ణి మళ్ళీ ఏడిపించాలి. పసరు తాగించి, పత్యం చెప్పి, మూడువారాలు కాగానే గండం గడిచిందనే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు. ఈ జబ్బు బయటపడటానికి మామూలుగా ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. ఒక్కోసారి వారంలోపే, ఒక్కోసారి ఏడాది దాటి కూడా. వాళ్ళ లెక్క ఎంత ప్రమాదమో చూడండి.

తరువాత సూది. చర్మంలోకి ఇచ్చే పద్ధతి అయితే మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. ఇక్కడ సూది మొదలుపెట్టిన రోజును సున్నాగా లెక్కిస్తాం, కాబట్టి చీటీ మీద తేదీలు వేయించుకోండి. కండలోకి ఇచ్చే పద్ధతిలో పద్నాలుగో రోజున ఇంకొకటి ఉంటుంది. రక్తం వచ్చిన గాయమైతే, ముఖం మీదనో వేళ్ళ మీదనో కరిస్తే, టీకాతో పాటు ఇమ్యూనోగ్లోబ్యులిన్ అనే మందును గాయం చుట్టూ ఎక్కించాలి. టీకా పని మొదలుపెట్టేలోగా కాపలా కాసేది అదే. సర్కారు ఆసుపత్రుల్లో టీకా ఉచితం. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడుస్తారని భయపడేవాళ్ళు ఇంకా వస్తున్నారు. ఆ పాత మందు, గొర్రె మెదడు నుంచి చేసేది, 2005 నుంచి మన దేశంలో వాడటం లేదు. ఇప్పుడు చేతి మీదే, అదీ సన్నసూది. గర్భిణికీ, పాలిచ్చే తల్లికీ కూడా ఇవ్వవచ్చు.

భారత వైద్య పరిశోధన మండలివారు 2022, 2023లలో పదిహేను రాష్ట్రాల్లో ఇల్లిల్లూ తిరిగి ఒక సర్వే చేశారు. దేశంలో ఏటా దాదాపు 91 లక్షల మందిని జంతువులు కరుస్తున్నాయని, 5,700 మందికి పైగా రేబిస్‌తో చనిపోతున్నారని వారి అంచనా. కరిపించుకున్న ప్రతి ఐదుగురిలో ఒకరు ఒక్క సూదీ వేయించుకోలేదు. మొదలుపెట్టి మధ్యలో మానేసినవాళ్ళు ఇంకా ఎందరో. మూడో రోజు పనికి పోయాం, ఏడో రోజు మిరపకోత ఉంది, ఇక బాగానే ఉందిలే అనుకుంటారు. ఆ పెద్దాయన ఇంట్లోనూ చివరి సూదికి తండ్రి రాలేదు. నేనే ఫోను చేసి పిలిపించాను.

కరిచింది మీ ఇంటి కుక్కే అయితే దాన్ని కొట్టి చంపకండి. కట్టేసి, అన్నం నీళ్ళు దూరం నుంచి పెట్టి, పది రోజులు చూడండి. పది రోజులూ అది ఆరోగ్యంగా ఉంటే, కరిచిన నాటికి దాని సొంగలో రేబిస్ లేదని అర్థం. అప్పుడు మిగతా సూదుల సంగతి డాక్టరు చెబుతారు. అయితే ఆ పది రోజులు చూశాక సూది వేయించుకుందామని మాత్రం కూర్చోవద్దు. సూదీ ఈ రోజే, చూడటమూ ఈ రోజు నుంచే.

మీకు ప్రత్యేకంగా ఒక మాట. మీరు ఇక్కడ పది పదిహేను రోజులు ఉంటున్నారు. ఇంటి దగ్గర కుక్కకు అన్నం ఎవరు పెడుతున్నారు? గొలుసుకు కట్టేసి వచ్చారా? ఆకలితో, దప్పికతో, మనిషి అలికిడి లేక ఉన్న కుక్క, మీరు వెళ్ళగానే ఎగిరి మీద పడుతుంది. ఆపరేషను అయిన మనిషి ఆటో దిగుతుంటే మీద పడితే కుట్లు తెగవచ్చు. ఈ రోజే పక్కింటివాళ్ళకు ఫోను చేసి పూటకింత అన్నం, చెంబెడు నీళ్ళు పెట్టమని చెప్పండి. రోగిని తీసుకెళ్ళే ముందు ఒకరు వెళ్ళి దాన్ని పలకరించి కట్టేయండి.

పురుగుమందు డబ్బాలు వాకిట్లో పడేయకండి. మిరపకు, పత్తికి కొట్టిన మందు డబ్బాను కుక్క నాకుతుంది, అదే డబ్బాతో పిల్లలు ఆడతారు. ఎలుకల మందు పెడితే కుక్కకు అందని చోట పెట్టండి. కుక్కకు జ్వరమని మన పారాసిటమాల్ బిళ్ళ వేయకండి, పిల్లికైతే ఒక్క బిళ్ళే ప్రాణం తీయగలదు. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్ కూడా వాటికి విషమే. చెవుల దగ్గర, వేళ్ళ సందుల్లో గోమార్లు చూస్తూ ఉండండి. పాకే పిల్లలున్న ఇంట్లో కుక్క మలాన్ని ఎప్పటికప్పుడు తీసి పాతిపెట్టండి, దాని నులిపురుగులు మట్టి ద్వారా పిల్లలకు అంటుకుంటాయి. అన్నం తినే కుక్క దగ్గరికి, పిల్లలకు పాలిచ్చే కుక్క దగ్గరికి పసివాళ్ళను పోనివ్వకండి. ముఖ్యంగా, కరిచినా గీరినా చెబితే కొట్టమని, కుక్కను ఎవరికీ ఇచ్చేయమని మీ పిల్లలకు ఈ రోజే మాట ఇవ్వండి.

ఇందాక వెనక వరుసలోంచి ఒక అమ్మ అడిగింది, పిచ్చికుక్క కరిచిన గేదె పాలు తాగితే ఏమవుతుందని. మంచి ప్రశ్న. కాచిన పాలతో భయం లేదు. పచ్చిపాలు వద్దు. కరిచిన గేదె గాయాన్ని చేతులకు తొడుగులు వేసుకొని సబ్బుతో కడిగి, వెంటనే పశువుల డాక్టరుకు చూపించండి, దానికీ సూదులు ఉంటాయి. అయితే పాల కంటే పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది. రేబిస్ వచ్చిన గేదె మేత మింగలేక, సొంగ కారుస్తూ, గొంతు మారిపోయి అరుస్తుంది. గొంతులో ఏదో అడ్డం పడిందనుకొని మనవాళ్ళు నోట్లో మోచేతిదాకా చెయ్యి పెట్టి వెతుకుతారు. పెట్టకండి. ఇప్పటికే పెట్టినవాళ్ళు ఎవరైనా మీ ఇంట్లో ఉంటే, సభ అయ్యాక నా దగ్గరికి రండి, ఎన్నాళ్ళయిందని చూడకుండా రండి. డ్రెస్సింగు గది మెట్ల పక్కనే ఉంది.